తలకిందుల తాతలు

రాయి కనబడితే చాలు, దాన్ని తిరగేసి అడుగు చూడకుండా ఉండలేడు బుల్లియ్య. చిన్న రాయా పెద్ద రాయా, సొంతదా పరాయిదా, దాని మీద ఎవరైనా కూర్చుని ఉన్నారా అన్న పట్టింపు ఆయనకు లేదు. "పైమొకం అందరూ సూత్తారు. అడుగుమొకం ఎవుడు సూత్తాడు?" అంటూ లుంగీ ఎగ్గట్టి, భుజానికి వేలాడే సంచీలోంచి పొట్టి పలుగు తీసి వంగుతాడు. ఇంకేముంది, ఆ రాయి పనీ దాని చుట్టుపక్కల వాళ్ళ పనీ అయిపోయినట్టే.

ఈ సంగతి యాంగాన్‌లో లమ్మడా పేటంతటికీ తెలుసు. అందరికన్నా బాగా తెలిసింది సుధామణికి. ఆమె మొగుడు సత్తిబాబుకి బుల్లియ్య సొంత మేనమామ. ఒకే మేడలో కింది అంతస్తు వీళ్ళది, పై అంతస్తు ఆయనది. సుధామణి పొద్దున్నే సందు మొదట్లో పెనం పెట్టి దోసెలు పోస్తుంది. బర్మా వాళ్ళు కూడా వరసలో నిలబడి మరీ తింటారు.

ఓ రోజు నీళ్ళ బిందెతో ఇంట్లోకి వచ్చేసరికి పిండంతా నేల మీద పారుతోంది. రుబ్బురోలు పక్కకి ఒరిగి ఉంది. బుల్లియ్య నేల మీద బోర్లా పడుకుని, రోలు అడుగున టార్చిలైటు వేసి చూస్తున్నాడు.

"మావయ్యా! ఏటిది? నా పిండి!"

"పిండి మళ్ళీ రుబ్బుకోవచ్చు పిల్లా. ఇల్లా రా, ఈ ఉలి గాటు సూడు! ఈ రాయి ఒకప్పుడు ఏదో పెద్ద మేడకి గడపరా బాబూ!"

"ఇప్పుడది మాకు కూడెట్టే రోలు. లెగు!"

ఆయన లేచాడు. ఒళ్ళంతా పిండి. అయినా మొహంలో ఆ సంతోషం చూస్తే సుధామణికి తిట్టబుద్ధి కాలేదు. తిట్టింది, అది వేరే విషయం.

ఎదురింటి బర్మా ఆవిడ డో ఖిన్ తనకా చెక్క అరగదీసే రాయి కూడా ఇలాగే తిరగేశాడు. ఆవిడ అప్పుడే చెక్క అరగదీసి, చెంపలకు రాసుకోబోతూ అద్దం కోసం లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి ఆ గంధమంతా బుల్లియ్య ఒళ్ళో ఉంది. "అమలే!" అని గుండెలు బాదుకుంది పాపం. మర్నాటి నుంచి బుల్లియ్య మెట్ల మీద దగ్గితే చాలు, సందులో ఆడవాళ్ళందరూ తనకా రాళ్ళు మంచాల కిందికి తోసేసేవాళ్ళు.

ఇవన్నీ ఒక ఎత్తు, పేటలో చిన్నతల్లి అనే ఆవిడ మనవరాలి పెళ్ళి ఒక ఎత్తు. పెళ్ళికొడుకు వంగి, పెళ్ళికూతురి పాదం పట్టుకుని సన్నికల్లు మీద పెట్టించాడు. పంతులు గారు మంత్రం అందుకున్నారు. ముందు వరసలో కూర్చున్న బుల్లియ్య కళ్ళు ఆ సన్నికల్లు మీద పడ్డాయి.

"ఒక్క నిమిసం బాబూ, ఒక్క నిమిసం," అంటూ వెళ్ళి సన్నికల్లు ఒక అంచు పట్టుకుని లేపేశాడు. పెళ్ళికూతురు వచ్చి పెళ్ళికొడుకు నెత్తిన పడింది. పంతులు గారికి మంత్రం గొంతులో అడ్డం పడింది. బుల్లియ్య మటుకు రాయి అడుగు చూసి కేక పెట్టాడు.

"పంతులు గారూ! మీరు సోడా కొట్టు పలక మీద పెళ్ళి సేయిత్తన్నారండీ! ఇల్లదిగో, సీసా బొమ్మ కూడా ఉంది!"

నిజంగానే ఉంది. ఎప్పటిదో పాత సోడా కొట్టు పేరు పలక. దాన్నే ఎవరో సన్నికల్లుగా చెక్కి అమ్మేశారు. ఆ జంటని ఇప్పటికీ పేటలో సోడా జంట అనే అంటారు. చెప్పొద్దూ, హాయిగా పొంగుతూనే ఉన్నారు.

అయితే ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, ఓడలో వచ్చింది. బుల్లియ్య సరుకు ఓడల మీద ఫిట్టరుగా లోకమంతా తిరిగినవాడు. ఒకసారి టర్కీలో మెర్సిన్ రేవులో ఓడ ఇంజను చచ్చి ఊరుకుంది. కావలసిన సామాను రావడానికి వారాలు పడుతుందన్నారు. ఊరికే కూర్చోలేని మనిషి, బస్సెక్కి కోన్యా అనే ఊరికి పోయాడు. ఆ ఊరి దగ్గర సెల్జూకు సుల్తానుల కాలం నాటి సరాయి ఒకటి ఉంది. ఒంటెలతో వచ్చే వర్తకులు దిగే సత్రం అది, కట్టి ఎనిమిది వందల ఏళ్ళు. దాని గోడల నిండా అంతకు ముందు వాళ్ళెవరివో రాళ్ళు! రోము వాళ్ళ సమాధి పలకలూ, పాత చర్చీల స్తంభాల ముక్కలూ, గ్రీకు అక్షరాల బండలూ. కొన్ని నిటారుగా, కొన్ని పక్కకి, కొన్ని ఏకంగా తలకిందులుగా.

బుల్లియ్య నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాడు. అక్కడి కాపలా ముసలాయన జాలిపడి టీ ఇచ్చాడు. ఆ రాళ్ళు అలా ఎందుకు పెట్టారని ఈయన సైగలతో అడిగితే, ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మేస్త్రీకి ఆ అక్షరాలు రాక అలా పెట్టాడని కొందరంటారట. గోడకి మేలని కావాలనే పెట్టారని కొందరట. అందానికని కొందరట. ఏదీ ఎవరూ తేల్చలేదట.

అంతే. ఓడ దిగిన బుల్లియ్య వేరు, ఓడెక్కిన బుల్లియ్య వేరు. ఆ తర్వాత ఆయన నోటి వెంట ప్రతి మాటా ఒకేలా మొదలయ్యేది. "కోన్యాలో ఏటి సేసినారో తెలుసా?"

ఆ మాట వినబడగానే జనానికి ఎక్కడెక్కడి పనులో గుర్తొచ్చేవి. లత అనే పక్క పేటలో ఒక టీకొట్టు యజమాని ఉన్నాడు. కొట్టు కట్టేసే వేళకి కదలని గిరాకీలుంటే బుల్లియ్యను పిలిచి ఊరికే టీ ఇస్తాడు. ఈయన గ్లాసు అందుకుని "కోన్యాలో" అనగానే బల్లలు ఖాళీ. యజమాని హాయిగా షట్టరు దించుకుంటాడు. ఇందులో తనకు అవమానమేమీ ఉన్నట్టు బుల్లియ్యకు తోచలేదు. టీ బాగుంటుందని మాత్రం అందరికీ చెప్పేవాడు.

ఇక అసలు కథకు వద్దాం. లమ్మడాలో మనవాళ్ళ భజన మందిరం ఒకటుంది. కట్టినవాళ్ళు రెండు రకాలు. చేతిలో డబ్బున్న వర్తకులు, రేవులో మూటలు మోసిన కళాసీలు. కట్టి వందేళ్ళు దాటినా ఆ గీత చెరగలేదు. కమిటీలో పెద్ద కుర్చీ ఎప్పుడూ వర్తకుల వైపే. ఇప్పుడందులో కూర్చున్నది రాజమోహన్, పప్పుల టోకు వ్యాపారి. మందిరానికి కొత్త సెక్రెటరీ కావలసి వచ్చినప్పుడు ఆయన నిండు మీటింగులో అన్నాడు.

"సెక్రెటరీ అంటే తెలుగు సదవడం తెలిసినవాళ్ళు ఉండాలి. కళాసీల వైపు అలాంటోళ్ళు ఎవులున్నారు? మా వైపే ఎవుల్నైనా సూద్దాం."

సుధామణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవులున్నారంటారేటి? నానున్నాను. నాకు సదవడం వచ్చు!" అంది.

రాదు. ఒక్క అక్షరం రాదు. బర్మా బడిలో బర్మా చదువు చదువుకున్న పిల్ల. మాట మటుకు గలగలా తెలుగే. భజనలన్నీ అమ్మమ్మ ఒళ్ళో కంఠతా వచ్చినవే. ఆ కోపంలో నోరు జారింది, అంతే. రాజమోహన్ వెంటనే భజనల పుస్తకం ఒకటి ఆమె చేతికిచ్చి, "ఏదీ, సదువమ్మా," అన్నాడు.

సుధామణి పుస్తకం తెరిచి మొహానికి ఎదురుగా పట్టుకుంది. అక్షరాలన్నీ చీమల్లా కనబడ్డాయి. ఇంతలో పక్కన కూర్చున్న బుల్లియ్య చటుక్కున పుస్తకం లాక్కున్నాడు. అడుగు అట్ట చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, మళ్ళీ ఆమె చేతుల్లో పెట్టాడు. అందరూ గొల్లున నవ్వారు. "రాళ్ళయిపోయాయి, ఇక పుస్తకాలు కూడా తిరగేత్తన్నాడు!" అన్నారు. ఆ నవ్వుల సందులో సుధామణి ఊపిరి పీల్చుకుని, కంఠతా వచ్చిన భజన ఒకటి రాగయుక్తంగా అప్పజెప్పేసింది. కళాసీల వైపు చప్పట్లు మోగాయి. సుధామణి సెక్రెటరీ అయిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే దిగులు. తెలిసిపోతే? తన పరువు సరే, దోసెలతో పాటు మాడ్చుకుంటుంది. కానీ తన వైపు వాళ్ళందరినీ చూపించి, "కళాసీల మాట ఇంతే," అని రాజమోహన్ నవ్వడా? వాళ్ళలో ఎవరినైనా మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికి రానిస్తారా?

ఇంతలో మందిరానికి మరమ్మతు వచ్చింది. వానాకాలంలో వీధి వైపు గోడ కూలింది. పనిలో పనిగా నేలకి టైల్సు వేయిస్తానన్నాడు రాజమోహన్. ఆ నేల మామూలు నేల కాదు. మందిరానికి విరాళమిచ్చిన వాళ్ళంతా అప్పట్లో నేల బండల మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. వచ్చే పోయే భక్తుల పాదధూళి తమ తల మీద పడాలని. వర్తకుల పేర్లు మధ్యలో పెద్ద బండల మీద, కళాసీల పేర్లు గుమ్మం పక్కన చిన్న చిన్న రాళ్ళ మీద. వందేళ్ళుగా తొక్కి తొక్కి అక్షరాలు సగం అరిగిపోయాయి.

"పాత బండలు లారీకి ఎత్తించేద్దాం," అన్నాడు రాజమోహన్.

బుల్లియ్య ఆ బండల మీద అడ్డంగా పడుకున్నాడు. "నన్ను కూడా ఎత్తించీండి! కోన్యాలో ఏటి సేసినారో తెలుసా? ఒక్క రాయి పారీలేదు. పాత రాళ్ళన్నీ కొత్త గోడలో ఎట్టినారు. మనకీ గోడ కావాల, రాళ్ళున్నాయి, ఇంకేటి కావాల?"

చివరికి రాజమోహన్ తల్లి అప్పలనరసమ్మ కలగజేసుకుంది. బుల్లియ్యలా కూడబలుక్కునేవాళ్ళు ఒకరిద్దరున్నా, పేటలో తెలుగు గడగడా చదివేది ఆవిడొక్కతే. "ఆడు సెప్పింది బాగుందిరా. గోడలో ఎట్టీండి. శ్రీరామనవమి నాడు నానొచ్చి పేరు పేరునా సదివి హారతిత్తాను," అంది. రాజమోహన్ ఒప్పుకున్నాడు, తన తాత రాయి నట్టనడుమ ఉండాలన్న షరతు మీద. రాళ్ళు పెట్టించే పని బుల్లియ్యదీ సెక్రెటరీదీ అని తేల్చారు.

పని జరిగే రోజు రానే వచ్చింది. మేస్త్రీ కో మ్యింట్ బర్మా వాడు, మంచి పనివాడు. కానీ బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ దగ్గర పడింది, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సొంతూరు పోవాలి. సిమెంటు కలిపి, తాపీ పట్టుకుని తయారుగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి, లతలో ఒక బట్టల బండ మీద ఏవో అక్షరాలున్నాయట అని చెప్పారు. బుల్లియ్య చెవులు నిక్కాయి.

"మావయ్యా, ఈయాల కాదు," అంది సుధామణి.

"బేగి వచ్చేత్తాను పిల్లా. ఉతికీసి అరగదీసీగలరు! గంటలో నీ ముందుంటాను!" అంటూనే పలుగుతో సహా మాయమైపోయాడు.

కో మ్యింట్ మొదటి రాయి ఎత్తి పట్టుకుని బర్మాలో అడిగాడు. "సయామా, ఏ వైపు పైకి?"

సయామా అంటే పంతులమ్మ. పంతులమ్మ కొంగుతో దుమ్ము తుడిచింది. రాయి కేసి చూసింది. గుండ్రటి గీతలు, సగం అరిగినవి. ఒక వైపు చిన్న చిన్న కొక్కేలు. ఆమెకు వచ్చిన అక్షరాలు బర్మావే. వాటికి కొక్కేలూ తోకలూ కిందికి వేలాడటం చిన్నప్పటి నుంచీ చూసిన కళ్ళు అవి. తెలుగు అక్షరానికి ఆ కొక్కెం నెత్తిన ఉంటుందని పాపం ఆ కంగారులో తట్టలేదు.

"ఇదిగో, తోకలు కిందికి," అంది గట్టిగా, ఎంత గట్టిగా అంటే తనకే నమ్మకం కలిగేటంత. సుద్దతో పైకి బాణం గుర్తు వేసింది. తోకలు కనబడ్డ రాళ్ళకి తోకల్ని బట్టి, కనబడని రాళ్ళకి దేవుడి మీద భారం వేసి గుర్తులు పెట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి గోడ మనిషి ఎత్తు లేచింది. నట్టనడుమ రాజమోహన్ తాత. కో మ్యింట్ చేతులు కడుక్కుని ఊరికి పోయాడు. ఇంకా గుమ్మం పక్క చిన్న రాళ్ళూ, వాటి కోసం గోడ అడుగున వదిలిన ఖాళీలూ మిగిలాయి.

అప్పుడొచ్చాడు బుల్లియ్య, రొప్పుతూ. బట్టల బండ మీద ఉన్నవి అక్షరాలు కావట, పిల్లలు గీసుకున్న ఆట గళ్ళట. అయినా సంతోషంగానే ఉన్నాడు. గోడ ముందుకొచ్చి నిలబడ్డాడు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు. ఏమీ అనలేదు.

బుల్లియ్య ఏమీ అనకపోవడం సుధామణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "ఏటి మావయ్యా? బాగా నేదేటి?"

"ఆహా," అన్నాడు కాసేపటికి. "అచ్చం కోన్యా!" వెంటనే లుంగీ ఎగ్గట్టాడు. "మిగిలినవి నానెడతాను. నువ్వు ఇంటికెళ్ళిపో."

ఆమె వెళ్ళలేదు. సిమెంటు అందిస్తూ నిలబడింది. ఒక్కో రాయీ లుంగీ అంచుతో తుడవడం, పెదాలు కదుపుతూ చదువుకోవడం, తిరగేయడం, పెట్టేయడం. అన్నిటికన్నా చివర ఒక రాయి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దాన్నీ తిరగేసి పెట్టాడు. తిరగేయడం ఆయన అలవాటే కదా అనుకుంది సుధామణి. శ్రీరామనవమి దాకా ఎవరూ చూడకూడదని గోడకి తెర కట్టి, దాని ముందే మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా కోన్యా కథ ఎత్తుకునేవాడు. అంతకన్నా గట్టి కాపలా ఏముంటుంది చెప్పండి!

శ్రీరామనవమి నాడు మందిరం కిటకిటలాడిపోయింది. పానకం బిందెలు, వడపప్పు బేసిన్లు, పట్టుచీరలు, మెడలో పూలదండతో రాజమోహన్. తెర లాగేశారు. "ఆహా!" అంది జనం. రాజమోహన్ ఛాతీ విరుచుకుని నడుమనున్న బండ చూపించాడు.

"అదే మా తాత పేరు. ఎంత సక్కగా ఉందో సూడండి! ప్రతి అక్షరమూ ముత్యమే!"

అందరూ తలలూపారు. హారతి పళ్ళెం పట్టుకున్న అప్పలనరసమ్మ కళ్ళజోడు సవరించుకుంది. మెడ ఒక పక్కకి వంచింది. ఇంకో పక్కకి వంచింది.

"ఒరే రాజా, మీ తాతేట్రా గబ్బిలంలా ఏలాడతన్నాడు?"

రాజమోహన్ మొహం కందగడ్డ అయింది. అక్షరం ముక్క ఆయనకీ రాదని ఆ క్షణాన అందరికీ తెలిసిపోయింది గానీ, దాని మీద ఎవరి ధ్యాసా లేదు. "తలకిందులా? ఎవులు ఎట్టించినారు? గుర్తులెట్టింది ఎవులు?"

అన్ని తలలూ సుధామణి వైపు తిరిగాయి.

"నీకు తెలుగు సదవడం వచ్చన్నావు కదమ్మా?" అన్నాడు రాజమోహన్ మెల్లగా.

సుధామణి వెనక్కి తిరిగింది. తన వైపు వాళ్ళందరూ తననే చూస్తున్నారు. ఇక దాచి లాభం లేదనుకుంది. "బాబూ, అసలు సంగతేటంటే, నాకు..."

"కోన్యాలో ఏటి సేసినారో తెలుసా!"

కప్పు ఎగిరిపోయేలా వినబడింది ఆ గొంతు. జనం అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూశారు. కానీ ఎక్కడికి పోతారు? ఇంకా హారతి కాలేదు, పానకం పంచలేదు. బుల్లియ్య అందరినీ తోసుకుంటూ గోడ ముందుకొచ్చాడు.

"ఇది తప్పనుకున్నారేటి? పని కట్టుకుని సేసినాం! సుల్తానులు! సుల్తానులు కట్టించిన గోడల్లో పాత రాళ్ళు తలకిందులుగా ఉన్నాయి. ఈ కళ్ళతో సూసినాను. మామూలు కొంపలో కాదు, రాజులు కట్టించిన సరాయిలో!"

"మావయ్యా, నన్ను సెప్పనీ..."

"నువ్వుండు పిల్లా, నీకు కోన్యా సంగతి తెల్దు!"

"ఎవులో సుల్తాను సేసినాడని మా తాతని బోర్లేత్తారా?" అని అరిచాడు రాజమోహన్.

బుల్లియ్య ఆయన్ని వదిలేసి అప్పలనరసమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సెప్పు. మీ మాంగారు పేరు నేల మీద ఎందుకు సెక్కించుకున్నారు?"

"బక్తుల పాదధూళి నెత్తిన పడాలని."

"అద్గదీ! ఇప్పుడు గోడెక్కించినాం. నిటారుగా నిలబెడితే నేల వైపు ఏటుంటాది? కాళ్ళు! ధూళి కాళ్ళకి తగుల్తాది. అదే తలకిందులుగా ఎడితే? తల నేల వైపు! వచ్చే బక్తుడి పాదాల కాడికి తల వంచి మొక్కినట్టు నేదా? ఇంత ఆలోచన సేసి ఎట్టించింది మా సెక్రెటరీ. ఏదో సదువు రానిదాన్నన్నట్టు అడుగుతారేటి?"

అప్పలనరసమ్మ గోడ కేసి చూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"నిజమేరా రాజా," అంది. "మా మాంగారు అలాంటి మనిసే. ఎవులొచ్చినా ముందు తానే వంగీవోడు. నాకీ ఆలోచన తట్టలేదు సూడు."

రాజమోహన్ ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత పూలదండ సర్దుకుని జనం వైపు తిరిగాడు. "మా తాత వినయం అలాంటిది," అన్నాడు.

అయిపోయిందనుకున్నారా? అప్పుడే మొదలైంది అసలు గొడవ. ధర్మరాజు అనే సుగంధ దినుసుల వర్తకుడు జనాన్ని నెట్టుకుంటూ ముందుకొచ్చాడు. "మరి మా తాత రాయో?"

అప్పలనరసమ్మ చూసింది. "మీ తాత నిటారుగా ఉన్నాడు."

"ఎందుకు? అందరి తాతలూ వంగి మొక్కుతుంటే మా తాతొక్కడే నిక్కి నిలబడ్డాడని లోకం అనుకోదేటి? మేం తక్కువోళ్ళమా? తీసి తలకిందులు సెయ్యండి!"

"మా తాతనీ!" అని ఇంకో గొంతు.

"ముందు మాది!"

వర్తకులూ కళాసీలూ అన్న తేడా లేకుండా నిటారు తాతల మనవలందరూ ఒక జట్టయిపోయారు. ఎవరో అప్పుడే పలుగు అడిగారు. పానకం బిందె ఒకటి ఒరిగింది. బుల్లియ్య గోడకి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

"అందరూ తల వంచీసుకుంటే మందిరానికి కాపలా ఎవులు కాత్తారు? కోన్యాలో కూడా అంతే! కొన్ని రాళ్ళు మొక్కుతాయి, కొన్ని కాపలా కాత్తాయి. మీ తాతలు కాపలాదార్లు!"

ధర్మరాజు మీసం దువ్వుకున్నాడు. "కాపలాదారా? అదీ. మా తాత అంటే పేటంతా హడలిపోయీవోళ్ళులే." గొడవ చల్లారింది.

అప్పలనరసమ్మ అటూ ఇటూ మెడ వంచుకుంటూ పేరు పేరునా చదివి హారతిచ్చింది. పేరు వినబడినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు చేతులు జోడించారు. అన్నిటికన్నా చివరి రాయి దగ్గర ఆగి, మెడ బాగా తిప్పి కూడబలుక్కుంది. "కళాసీ అప్పన్న. ఈయనెవుల తాత?"

"మా తాతేనమ్మా," అన్నాడు బుల్లియ్య.

"తలకిందులే," అందావిడ మెచ్చుకుంటూ.

సుధామణి ఉలిక్కిపడింది. ఆ రాయికి తను గుర్తు పెట్టలేదు. అది ఆయన ఒళ్ళో పెట్టుకుని, తుడిచి, చదువుకుని మరీ పెట్టిన రాయి. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. అక్షరం ఏ వైపు పైకో ఆయనకు తెలుసు. తెలిసి కూడా సొంత తాతను తలకిందులుగా పెట్టాడు!

ఆలోచన తెమలకుండానే రాజమోహన్ మైకు అందుకున్నాడు. "ఇంత ఆలోచన ఉన్న సెక్రెటరీ మనకి దొరకడం అదృష్టం. నీళ్ళ పండగ అయిపోగానే మందిరంలో పిల్లలకి తెలుగు క్లాసు మొదలెడతాం. పంతులమ్మ సుధామణే!" చప్పట్లు మారుమోగాయి.

జనం భోజనాలకి కదిలాక ఆమె బుల్లియ్యను గోడ వెనక్కి లాక్కుపోయింది. ఆయన చేతిలో పానకం గ్లాసు అలాగే ఉంది.

"మావయ్యా, నిజం సెప్పు. ఆ సాయంత్రం నువ్వొచ్చి సూసినప్పుడే నీకు తెలిసిపోయింది కదూ?"

"ఏటి తెలిసింది?"

"నాకు సదవడం రాదని."

బుల్లియ్య పానకం గుటక వేశాడు. "కొన్ని తిన్నగా, కొన్ని బోర్లా. సదవడం వచ్చినోడు అలా ఎట్టడు, కావాలని బోర్లేసీవోడూ అలా ఎట్టడు. సిమెంటు సూత్తే గట్టిపడిపోనాది, మేస్త్రీ సూత్తే బస్సెక్కిపోనాడు. ఏటి సేసేది? ఇంకో నాలుగు నానూ బోర్లేసీసినాను. ఒకటీ అరా అయితే తప్పంటారు పిల్లా. గోడంతా ఉంటే పద్దతంటారు."

"మీ తాతని కూడానా?"

"మరి? ఊళ్ళోవోళ్ళ తాతలందర్నీ బోర్లేసీసి, మా తాతని మటుకు కుర్సీ ఏసి కూకోబెడితే బాగుంటాదేటి?" అని నవ్వాడు. "ఆయనకి అలవాటేలే. ఓడ అడుగున బొగ్గెత్తినోడు. కాళ్ళు పైకీ తల కిందికీ ఎట్టి దిగీవోడంట."

సుధామణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నాకోసం ఎంత పని సేసినావు మావయ్యా," అంది. "నీ రోలు మాటలూ నీ కోన్యా మాటలూ ఇన్నాళ్ళూ ఇసుక్కున్నాను."

"నీ కోసమేటి? కోన్యాలో..."

"సర్లే, ముందు నా సంగతి సూడు. పండగెళ్తే పిల్లలొచ్చి కూకుంటారు. ఏటి సేసీది?"

"సేసీదేటుంది? నేర్సుకో."

"ఎప్పుడు?"

"ఇప్పుడే!" ఆయనకు ఎక్కడ లేని హుషారు వచ్చేసింది. గ్లాసు గట్టు మీద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని గోడ ముందుకు లాక్కొచ్చాడు. లుంగీ ఎగ్గట్టాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నడుము వంచి, మోకాళ్ళ సందులోంచి గోడ కేసి చూస్తూ పిలిచాడు. "రా పిల్లా, వంగు. మా తాత కాణ్ణించి మొదలెడదారి."

"మావయ్యా, జనం సూత్తారు!"

"సూడనీ. కోన్యాలో..."

"వంగుతానులే, ఆపు!"

సుధామణి పట్టుచీర కుచ్చిళ్ళు బిగించి, కొంగు నడుముకి దోపి, అటూ ఇటూ చూసి వంగింది. తల కిందికి పోయేసరికి జడ నేలకి తగిలింది. గోడంతా తిరగబడింది, రాళ్ళు మటుకు నిటారయ్యాయి. భోజనాల పందిట్లోంచి ఇదంతా చూసిన ధర్మరాజు, కొత్త గోడకి ఇలాగే మొక్కాలి కాబోలనుకుని, చేతిలో విస్తరి పక్కన పెట్టి పంచె ఎగ్గట్టుకుంటూ బయల్దేరాడు. వీధిలో పోతున్న డో ఖిన్ ఆగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"కొక్కేలు పైకుండాల, సూసినావా? పేరులో మొదటిది 'అ'. దీనికి కొక్కెం నేదు. పక్కది 'ప్ప'. ఆ పక్కది 'న్న'. ఇప్పుడు కలిపి సదువు," అన్నాడు బుల్లియ్య.

సుధామణి మొహం ఎర్రబడి, ఊపిరి బిగబట్టి, వేలితో ఒక్కొక్క అక్షరమే తడిమింది.

"అ... ప్ప... న్న," అని తన జన్మలో మొదటిసారి తెలుగు చదివింది.